ఊరికే చూస్తున్నాం

ఆ ఇంట్లో ఎవరు వంటింట్లోకి వెళ్లాలన్నా ముందు "దాటుతున్నా!" అని కేక వేయాలి. కేక వేశాక అడుగులో అడుగు వేసుకుంటూ వచ్చి, కుడికాలు మోకాలి ఎత్తుకు లేపి అవతల పెట్టి, ఎడమకాలు కూడా అంతే లేపి దించుకోవాలి. మధ్యలో ఉన్నది ఒక నల్లటి తీగ. ఈ గోడకున్న ప్లగ్గు నుంచి ఆ మూలనున్న ల్యాప్‌టాప్ దాకా, పిక్కల ఎత్తున బిగుసుకుని ఉండేది. దానికి కాలు తగిలిందా, మూలన కూర్చున్న చిన్నమ్మాయి పొద్దుటి నుంచి చేసిన పని మంటగలిసినట్టే.

చిన్నమ్మాయిది విని టైపు చేసే పని. ఎక్కడెక్కడివాళ్లో ఫోన్లలో మాట్లాడుకున్న మాటలు కంపెనీవాళ్లు పంపుతారు. అవి చెవుల్లో పెట్టుకుని, పొల్లుపోకుండా టైపు చేసి తిరిగి పంపాలి. మధ్యలో ల్యాప్‌టాప్ ఆగిపోతే ఆ ఫైలు వేరేవాళ్లకు వెళ్లిపోతుంది, ఈమె పేరు పక్కన ఎర్ర చుక్క పడుతుంది. ఆ ల్యాప్‌టాప్ చదువుకునే రోజుల్లో ఎవరో వాడి వదిలేస్తే కొన్నది. బ్యాటరీ అప్పడంలా ఉబ్బితే మెకానిక్ పీకి పారేశాడు. అందుకని తీగ ఊడితే చాలు, ప్రాణం పోతుంది. మళ్లీ లేవాలంటే దానికి బుద్ధి పుట్టాలి. తెరకున్న కీలు విరిగిపోయింది. వెనకాల అమ్మ ఇస్త్రీ పెట్టె నిలబెడితే గానీ తెర నిలబడదు, అదీ ఒక వాటానికి వంచితేనే బొమ్మ కనిపిస్తుంది.

ఇక ఇస్త్రీ పెట్టె సంగతి. అమ్మ ఇంట్లోనే మిషను మీద బడి యూనిఫారాలు కుడుతుంది. కుట్టినవాటిని మడత నలగకుండా ఇస్త్రీ చేసి ఇవ్వాలి. "చిన్నీ, పెట్టె ఇస్తావా?" అని అమ్మ అడిగిందంటే చిన్నమ్మాయి పని ఆగుతుంది. "ఇంకాసేపమ్మా" అని చిన్నమ్మాయి అందంటే అమ్మ పని ఆగుతుంది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా రోజంతా అదే గదిలో గడిపేవారు. ఇంట్లో ఉన్న ప్లగ్గులన్నింటిలో పిన్ను కదలకుండా పట్టేది ఎదుటి గోడకున్నదొక్కటే. ఆ గోడ పక్కనే కుట్టుమిషను ఉంది కాబట్టి చిన్నమ్మాయి ఎదురు మూలకు పోయింది. తీగ ఎంత పొడవుంటే ఆమె అంత దూరం. కట్టేసిన దూడకైనా మెడ తిప్పుకునే చోటుంటుంది కదా అనుకునేది.

నాన్న ఇళ్లకు రంగులు వేసే మేస్త్రీ. ఒకరోజు పని నుంచి వచ్చి నవ్వుతూ చెప్పాడు. "ఇవ్వాళ కొత్తింట్లో గది దాటబోతూ కాలు ఇంతెత్తు లేపాను. కూలీలంతా చూసి, మేస్త్రీ, మోకాలికి ఏమైనా పట్టేసిందా అని అడిగారు."

అందరూ నవ్వారు. చిన్నమ్మాయీ నవ్వి, తీగకేసి చూసింది.

కొత్తది కొనడానికి ఆమె దగ్గర డబ్బు లేక కాదు. ఎప్పుడో కూడబెట్టింది. లేనిది బావ సరే అనడం.

బావ అంటే అక్క మొగుడు. అదే మేడలో పై వాటాలో ఉంటాడు, కరెంటు సామాన్ల గోడౌనులో గుమస్తా. కొన్నేళ్ల కిందట ఈ ఇంట్లో ఫ్రిజ్ కొనాలనుకున్నప్పుడు, "అత్తయ్యా, ఆగండి. ఇంకా టైం రాలేదు" అని వేసవి అంతా ఆపాడు. వేసవి పోయాక చెప్పినట్టే ధర బాగా దిగింది. ఆ ఎండల్లో ఎన్ని పాలు విరిగాయో ఎవరూ లెక్క వేయలేదు. తగ్గిన ధర మాత్రం చుట్టాలందరికీ తెలిసిపోయింది. అప్పటి నుంచి ఆ ఇంట్లో బకెట్టు కొనాలన్నా బావను అడగాల్సిందే. కొన్న ప్రతి వస్తువు ధరా గట్టిగా పైకి చెప్పాలి, బావ విని తల ఊపాలి. ఆయన తల ఊపితే కొన్నవాళ్లకు అన్నం సయించేది. పెదవి విరిచాడంటే ఆ వస్తువును చూసినప్పుడల్లా ముల్లు గుచ్చుకున్నట్టుండేది.

ల్యాప్‌టాప్ విషయంలోనూ బావ మనసు పెట్టే చూశాడు, ఆ మాట కాదనకూడదు. ఒక మోడల్ ఎంచి పెట్టాడు. ఇంటిల్లిపాది ఫోన్లలోనూ దాని ధర మారితే గంట మోగేలా చేశాడు. కాలేజీలు తెరిచే ముందు కొందామంటే, "ఇప్పుడు అందరికీ అవసరం, పెంచి కూర్చుంటారు, ఆగు" అన్నాడు. కాలేజీలు తెరిచాక, "ఏడాది చివర పాత సరుకు వదిలించుకుంటారు, ఆగు" అన్నాడు. ఏడాది చివర నిజంగానే కొంచెం తగ్గింది. "తగ్గడం మొదలైందంటే ఇంకా తగ్గుతుందని అర్థం. జారే దాన్ని మధ్యలో పట్టుకుంటారా ఎవరైనా?" అన్నాడు. అది మళ్లీ పెరిగింది. "పెరిగింది కదా, ఇప్పుడెలా కొంటాం?" అన్నాడు. ఏ మాటకామాట, దేనిలోనూ తప్పు పట్టడానికి చిన్నమ్మాయికి సందు దొరికేది కాదు. కాలేజీ మెట్లెక్కింది ఇంట్లో తనొక్కతే. అయినా ఆ మాటల ముందు నోరు పెగిలేది కాదు.

అప్పుడప్పుడూ షాపుకు మాత్రం వెళ్లేవారు. వెళ్లే ముందు బావ మెట్ల మీదే అందరికీ పాఠం చెప్పేవాడు. "అవసరమున్నట్టు మొహం పెట్టకండి. మనకు కావాలని వాళ్లకు తెలిసిందో, మెడ మీద కత్తి పెడతారు. ఏమడిగినా, ఊరికే చూస్తున్నాం అనండి."

షాపులో సేల్స్ అమ్మాయి ఎదురొచ్చి "ఏం కావాలండీ?" అనేది.

"ఊరికే చూస్తున్నాం" అని నలుగురూ ఒకే గొంతుతో అనేవారు. అమ్మయితే ల్యాప్‌టాపుల వైపు చూడకుండా, షాపు ఫ్యాను కేసి చూస్తూ అనేది.

బల్ల మీద ఇనుప తాడుతో కట్టేసిన ల్యాప్‌టాప్ ఒకటి వరసలో చివర ఉండేది. వచ్చేపోయేవాళ్లు తాకి చూడటానికి పెట్టింది. అది వీళ్లు ఎంచుకున్న మోడలే. చిన్నమ్మాయి దాని మీద వేళ్లు ఆనించి, చప్పుడు లేకుండా ఒక వాక్యం టైపు చేసి చెరిపేసేది. తెర దానంతట అదే నిలబడేది. వెనకాల ఏ పెట్టే లేదు. బావ దగ్గడంతో ఆమె చేతులు వెనక్కి తీసుకునేది.

అలా ఉండగా ఒక ఆఫీసు నుంచి ఆమెకు పిలుపు వచ్చింది. చెవులు వినపడనివాళ్ల కోసం, సభల్లో క్లాసుల్లో ఎవరైనా మాట్లాడుతుండగానే ఆ మాటల్ని తెర మీద అక్షరాలుగా చూపించే పని. చోటు నుంచి చోటుకు తిరగాలి. మనుషుల ఎదురుగా కూర్చుని వాళ్ల మాటలు వినాలి. ఎవరివో రికార్డు గొంతులు కాదు, ఎదుటి మనిషి. శనివారం పొద్దున పరీక్ష. ఎవరి ల్యాప్‌టాప్ వాళ్లే తెచ్చుకోవాలి, నిండా ఛార్జింగుతో రావాలి, పనిలో చేరాక కూడా సొంతదే వాడుకోవాలి. ఇకముందు కొత్తవాళ్లను ఎప్పుడు తీసుకుంటారో చెప్పలేమని కూడా అన్నారు.

ఆమె ఆ కబురు చెప్పగానే బావ ఫోను తీసి చూసి, తలపట్టుకున్నాడు. "అయ్యో మరదలా! ఆదివారం నుంచే కదా పెద్ద తగ్గింపు. ఒక్కరోజు! శనివారం పరీక్ష పెట్టుకునే బదులు సోమవారం పెట్టుకుని ఏడవొచ్చు కదా వాళ్లు!"

"నా కోసం మార్చరు బావా. శుక్రవారం కొనేసుకుంటాను."

"కొనేసుకుంటావా? ఇన్నాళ్లు ఆగి, గట్టు దాకా వచ్చి మునిగిపోతావా? ఆదివారం దాని ధర చూసి నువ్వే నెత్తి కొట్టుకుంటావు. నా మీద నమ్మకం లేదా?"

"నమ్మకం లేక కాదు..."

"మరింకేం? మా ఓనరు దగ్గర మంచి ల్యాప్‌టాప్ ఉంది. ఒక్క పూటకు ఇమ్మంటే ఇవ్వడా? శుక్రవారం మధ్యాహ్నానికి నీ చేతిలో పెడతా. పరీక్ష దానితో రాయి, ఆదివారం మనది మనం కొనుక్కుందాం."

అక్క కళ్లతోనే 'ఒప్పుకో' అంది. అమ్మ "అల్లుడుగారు అంతలా చెప్తున్నారు కదమ్మా" అంది. నాన్న గోళ్ల సందున మిగిలిన రంగు గీరుకుంటూ కూర్చున్నాడు. చిన్నమ్మాయి సరే అంది. సరే అనడం ఆమెకు బాగా అలవాటు. ఫీజులు కట్టి చదివించారు, తన కోసం నలుగురూ తీగ దాటుతూ బతుకుతున్నారు, కాదనడానికి ఏ మొహం పెట్టుకుని అంటుంది?

శుక్రవారం మధ్యాహ్నం ఆమె ఒక పొడుగాటి ఫైలు మధ్యలో ఉంది. ఎవరో ముసలాయన తన కరెంటు బిల్లు గురించి మొత్తుకుంటున్నాడు, అవతలివాళ్లు లైన్లో ఉండమంటున్నారు. ఆయన "ఉన్నానండి, ఉన్నాను, ఉన్నాను" అంటున్నాడు. ఆమె అన్ని 'ఉన్నాను'లూ టైపు చేస్తోంది. అప్పుడు బావ ఫోను చేశాడు.

"మరదలా, చిన్న తిరకాసు వచ్చింది. ఓనరు పొద్దున్నే ఎక్కడికో వెళ్లాడట, ల్యాప్‌టాప్ బీరువాలో ఉంది, తాళం ఆయన జేబులో ఉంది."

"మరి రేపు?"

"అదే ఆలోచిస్తున్నా. పోనీ వాళ్లకు ఫోను చేసి ఒంట్లో బాగాలేదని చెప్పు. వారం వాయిదా వేయమను. మర్యాదగా అడిగితే ఎందుకు వేయరు?"

"వేయరు బావా."

"వేయకపోతే ఇంకోటి వస్తుంది. ఉద్యోగాలకేం, నీలాంటి చదువుకున్న పిల్లకి! ధర మాత్రం మళ్లీ ఇలా దిగదు. ఒక్క రెండు రోజులు ఓపిక పట్టు తల్లీ."

ఆమె ఫోను పెట్టేసింది. చెవుల్లో ముసలాయన ఇంకా "ఉన్నానండి" అంటూనే ఉన్నాడు. ఎదురుగా అమ్మ కుట్టు ఆపి, యూనిఫారాల దొంతర మీద చెయ్యి వేసి, అడగనా మానేయనా అన్నట్టు చూస్తోంది. చివరికి మెల్లగా అడిగింది. "చిన్నీ, సాయంత్రం బడివాళ్లు వస్తారే. పెట్టె ఇస్తావా?"

"తీసుకో అమ్మా."

"పని మధ్యలో ఉన్నావేమో, కాసేపాగుతాలే."

"వద్దు, ఆగకు" అంటూ చిన్నమ్మాయే లేచి, ఇస్త్రీ పెట్టె తీసి అమ్మ చేతిలో పెట్టింది. తెర వెనక్కి వాలి, ఒకసారి రెపరెపలాడి నల్లబడింది. మామూలుగా అయితే నాలుగు పుస్తకాలు పేర్చి దాన్ని నిలబెట్టేది. ఈసారి నిలబెట్టలేదు. సంచీ భుజాన వేసుకుని, తీగ దాటి, చెప్పులు వేసుకుంది.

"ఎక్కడికే?" అంది అమ్మ.

"కొనుక్కొస్తా."

"ఏంటి? అల్లుడుగారికి చెప్పావా?" అని అమ్మ వెనక నుంచి అడుగుతూనే ఉంది. ఆమె అప్పటికే మెట్లు దిగుతోంది.

షాపులో సేల్స్ అమ్మాయి ఆమెను చూడగానే గుర్తుపట్టింది. మిగతా జనం కోసం గుమ్మం వైపు చూసి, ఎవరూ రాకపోయేసరికి, "చూడండి, చూడండి. అన్నీ అక్కడే ఉన్నాయి" అని తన పని చూసుకోబోయింది.

"చూడ్డానికి రాలేదండి. నాకు ల్యాప్‌టాప్ కావాలి. రేపు పొద్దున్నే కావాలి" అంది చిన్నమ్మాయి. అనేసి, ఏదో దొంగతనం ఒప్పుకున్నదానిలా చెవులు వేడెక్కి నిలబడింది.

"ఏ మోడలు?"

చూపించింది. సేల్స్ అమ్మాయి పెదవి చప్పరించింది. "అది రావడం ఆగిపోయిందండి. కొత్తది వచ్చింది, అదేమో దీనికంటే ఎక్కువ."

"కొత్తది వస్తే పాతది తగ్గుతుంది కదా?"

"తగ్గేలోపే అయిపోయింది. మంచి సరుకు ఎవరు ఉంచుతారండీ మీ కోసం?"

మొదటికే మోసం వచ్చింది. కొత్తది కొనేంత చేతిలో లేదు. ఆదివారం దాకా ఆగినా ఈ మోడల్ ఉండేది కాదన్నమాట. ఇంటిల్లిపాది ఫోన్లూ ఏ ధర కోసం గంట మోగాలని కాచుకుని కూర్చున్నాయో, ఆ వస్తువే లేదు. చివరి బల్ల మీద ఇనుప తాడుతో ఉన్నదాన్ని అలా చూస్తూ ఉండిపోయింది.

"పోనీ అది ఇవ్వరా?" అని అడిగేసింది. ఇవ్వరని తెలిసే అడిగింది.

సేల్స్ అమ్మాయి ఆమె వంక విచిత్రంగా చూసింది. "చూపించడానికి పెట్టిన పీసండి అది. పదిమంది చేతులూ పడ్డాయి, మూత మీద గీతలున్నాయి. లోపల మాత్రం నిక్షేపంలా ఉంది. మీకు పరవాలేదంటే బాగా తగ్గించి ఇచ్చేస్తాం. వారంటీ కూడా ఉంటుంది."

"ఎప్పటి నుంచి?"

"ఏది?"

"ఇచ్చేయడం. ఎప్పటి నుంచి ఇచ్చేద్దామనుకున్నారు?"

"ఏడాది చివర నుంచీ ఓనరు వదిలించుకోమనే అంటున్నారు. అడిగినవాళ్లెవరూ లేరు. మీరు వచ్చినప్పుడల్లా దాని దగ్గరే నిలబడతారు కదా, ఒకసారి చెబుదామనే అనుకున్నా. మీ బావగారేమో, ఊరికే చూస్తున్నాం, మాకేం అవసరం లేదు అన్నారు. అవసరం లేనివాళ్లకు వాడిన పీసు అంటగడితే బాగుంటుందా?" అని తాళం చెవుల గుత్తి తీసింది. "కావాలని ఒక్క మాట అని ఉంటే అప్పుడే ఇచ్చేసేదాన్ని."

తాళం కాసేపు మొరాయించి ఊడింది. ఇనుప తాడు బల్ల మీద పడి చప్పుడైంది. సేల్స్ అమ్మాయి చెప్పిన ధర విని చిన్నమ్మాయికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. బావ ఆదివారానికి ఆశపడ్డ ధర కంటే కూడా అది తక్కువ.

తిరిగి నడుస్తుంటే సంచీలో బరువు వీపుకు ఆనుకుని హాయిగా ఉంది. కానీ వీధి మలుపు దగ్గరికి వచ్చేసరికి ఆమె అడుగు మందగించింది. ఇంట్లో మొదటి ప్రశ్న ఏమిటో ఆమెకు తెలుసు. ఎంత? తక్కువ ధర చెబితే బావ మొహం ఎలా వెలిగిపోతుందో కళ్లకు కట్టినట్టు కనిపించింది. 'చూశారా అత్తయ్యా! ఇన్నాళ్లు ఆగమన్నది ఇందుకే' అంటాడు. మూలన కూర్చున్న ఆ నెలలన్నీ ఆయన ఖాతాలో పడిపోతాయి. రేపు మిక్సీ దగ్గర, ఎల్లుండి నాన్న కళ్లజోడు దగ్గర, అమ్మ పంటి వైద్యం దగ్గర ఈ ల్యాప్‌టాప్ కథే చెబుతారు. పోనీ ఎక్కువ చెబుదామంటే అది అబద్ధం. పైగా, 'నా మాట వినకపోతే ఇంతే' అంటాడు. తక్కువైనా ఎక్కువైనా బావదే గెలుపు. ఏ పక్కకు తిరిగినా గోడే.

ఇంటికి వెళ్లేసరికి అమ్మ కబురు పెట్టినట్టుంది, అక్కా బావా కిందే ఉన్నారు. నాన్న కూడా పని నుంచి వచ్చాడు. ఆమె ల్యాప్‌టాప్ తీసి మంచం మీద పెట్టింది. తెర తనంతట తాను నిలబడింది. ఎవరూ తెరకేసి చూడలేదు. అందరూ ఆమె నోటికేసి చూస్తున్నారు.

"ఎంత పెట్టావు?" అన్నాడు బావ.

"చెప్పను బావా."

ఆ ఇంట్లో ధర చెప్పకుండా సూది కూడా లోపలికి వచ్చింది లేదు.

"చెప్పవా? అంటే?"

"నాకు అవసరమైంది, కొనుక్కున్నాను. ఎంతకని మాత్రం అడగకండి."

"ఓహో! అయితే బాగానే బాదించుకుని వచ్చావన్నమాట. నేనేం తిడతానా? ఎంతో చెబితే కనీసం ఎంత పోయిందో తెలుస్తుంది కదా!"

"తెలిసి ఏం చేస్తారు బావా?"

బావ చేతిలోని ఫోను జేబులో పెట్టుకున్నాడు. ఆయన మొహంలో కోపం కాదు ఉన్నది. పరుగెత్తుతూ వచ్చి బండి అందుకోలేకపోయినవాడిలా ఉన్నాడు. ఆమెకు జాలేసింది. నిజంగా తన మంచి కోసమే చూశాడు, అందులో అనుమానం లేదు. ధర నాలుక చివరిదాకా వచ్చింది. చెప్పేస్తే ఆయన ఎంత సంతోషిస్తాడు! పళ్ల మధ్య నాలుకను గట్టిగా పట్టి ఉంచింది.

"చదువుకున్నావు కదా మరి, మా మాటలేం ఎక్కుతాయి!" అని బావ విసురుగా లేచాడు. అక్క "అదేంటే, ఆయన ఎంత తాపత్రయపడ్డారో తెలుసా?" అని కళ్లనీళ్లు పెట్టుకుని వెనకే లేచింది. బావ గుమ్మం వైపు నాలుగడుగులు వేసి, గది మధ్యకు రాగానే, అంత కోపంలోనూ, కుడికాలు మోకాలిదాకా లేపి అవతల పెట్టి, ఎడమకాలూ లేపి దించుకున్నాడు. తీగ అప్పటికే అక్కడ లేదు, అమ్మ చుట్టి మేకుకు తగిలించింది. అక్క కూడా మొగుడి వెనకాలే అలాగే దాటింది. అందరూ చూశారు. ఎవరూ నవ్వలేదు.

చాలాసేపటికి నాన్న మంచం దగ్గరికొచ్చి, మూత మీదున్న గీతను రంగు అంటిన వేలితో తడిమి, "మంచిదేనా?" అన్నాడు.

"మంచిదే నాన్నా."

"అయితే సరే" అని వెళ్లి మొహం కడుక్కున్నాడు.

శనివారం పొద్దున పరీక్ష హాల్లో కుర్చీలు ఎక్కడపడితే అక్కడ వేసి ఉన్నాయి, ఎవరికి నచ్చిన చోట వాళ్లు కూర్చోవచ్చు. పరీక్ష పెట్టే మేడం లోపలికి వచ్చి ఒక్కొక్కరినీ చూసుకుంటూ చిన్నమ్మాయి దగ్గర ఆగింది. "మీ దాంట్లో ఛార్జింగ్ లేదా?"

"ఉందండి, నిండా ఉంది."

"మరి ఆ మూలన, గోడకి అంటుకుపోయి కూర్చున్నారేం? మాట్లాడేది ఇక్కడ కదా."

అప్పుడు చూసుకుంది చిన్నమ్మాయి. ఇన్ని కుర్చీలుండగా, ప్లగ్గున్న గోడను వెతుక్కుని, మూలకు వెళ్లి మరీ కూర్చుంది. ఎవరూ కూర్చోమనలేదు. సిగ్గుతో లేచి, తెరిచి ఉన్న ల్యాప్‌టాప్‌ను రెండు చేతులతో పట్టుకుని హాలు మధ్యకు నడిచింది. తెర వాలిపోలేదు, నల్లబడలేదు. అయినా ఆమె ఊపిరి బిగబట్టే నడిచింది. మధ్య కుర్చీలో కూర్చున్నాక, ఒకాయన గది అంతా తిరుగుతూ గబగబా మాట్లాడటం మొదలుపెట్టాడు. ఆయన నోటి వెంట మాట ఊడిపడటం, ఆమె వేళ్ల కింద అక్షరమవడం ఒకేసారి జరిగిపోయాయి. ఆయన తడబడి మాట మింగిన చోట కూడా ఆయన పెదాలు చూసి ఆమె అందుకుంది. అదంతా అయ్యేసరికి ఆమె చెమటతో తడిసిపోయి ఉంది, ఇస్త్రీ పెట్టె సంగతి ఒక్కసారీ గుర్తుకు రాలేదు.

మేడం కాగితాలు చూసి, "సోమవారం నుంచి రండి" అంది. ఆమె దణ్ణం పెట్టి వెళ్లబోతుంటే పిలిచింది. "ఇందాక మూల నుంచి వస్తూ, అక్కడ దేన్ని దాటారు మీరు? నేల మీద ఏమైనా ఉందా?"

చిన్నమ్మాయి వెనక్కి తిరిగి చూసింది. నేల నున్నగా, బోడిగా ఉంది.

"ఏం లేదండి. మా ఇంట్లో అందరం అలాగే నడుస్తాం" అంది.

బయట మెట్ల దగ్గర ఉండగా ఫోను మోగింది. బావ. ఆమె ఎత్తింది.

"బావా, ఉద్యోగం వచ్చింది."

"వచ్చిందా? చాలా సంతోషం మరదలా! నాకు తెలుసు వస్తుందని" అన్నాడు. గొంతులో సంతోషం నిజమే. అక్కతో "వచ్చిందట!" అనడం వినిపించింది. తరువాత మళ్లీ ఫోనులోకి వచ్చాడు. "ఇంతకీ... నిన్న రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఇప్పుడైనా చెప్పొచ్చు కదా. ఎంత పెట్టావు?"

చిన్నమ్మాయి సంచీ భుజం మీద సరిచేసుకుంది.

"ఆగండి బావా" అంది మెల్లగా. "ఇంకా టైం రాలేదు."